1841 హాంకాంగ్‌లో సాహస నవల: గాలి, వెండి, ఆలస్యంగా వచ్చే ఉత్తరం

మీ ప్రశ్నని ముందు క్లుప్తంగా చెప్పుకుంటాను. 1841 నాటి హాంకాంగ్ మీద తెలుగులో చారిత్రక సాహస నవల రాస్తున్నారు. నాయకుడు మద్రాసు సైన్యంలో తెలుగు సిపాయి. జనవరిలో బ్రిటిష్ జెండా ఎగరేసిన రోజున కథ మొదలవుతుంది. ఒక ఇంగ్లీషు వర్తకుడి కోసం నాయకుడూ ఇద్దరు మిత్రులూ ఒక్క రాత్రిలో లక్ష వెండి డాలర్లు కాజేస్తారు. ఫిబ్రవరిలో టైఫూన్‌కి ఓడ మునుగుతుంది. లండన్ నుంచి పది రోజుల్లో వచ్చిన రహస్య హెచ్చరికతో వర్తకుడు తప్పించుకుంటాడు. చివరి పోరాటం కొండ శిఖరం మీది బంగళాలో. చరిత్రకి ఇందులో ఎక్కడ దెబ్బ తగులుతుందని అడిగారు.

సిపాయి ఒక్కడే నిలబడతాడు. మిగతావన్నీ ఇప్పుడున్న రూపంలో నిలబడవు. అయితే వాటిని సరిచేస్తే కథ పలచబడుతుందని భయపడకండి. బ్రిటన్, చైనాల మధ్య మొదటి నల్లమందు యుద్ధం నడుస్తున్న ఆ ఏడాది అసలు చరిత్ర మీ కథాసారాంశం కంటే ఎక్కువ సాహసంగా ఉంది.

ముందు శిఖరం సంగతి తేల్చేద్దాం. 552 మీటర్ల ఆ కొండ మీద 1841లో గడ్డి, రాళ్లు, గాలి తప్ప ఏమీ లేవు. గవర్నరు వేసవి విడిది అక్కడికి చేరింది 1860లలో. ట్రామ్ 1888లో వచ్చింది. చైనీయులు అక్కడ నివసించకూడదన్న చట్టం 1904 నాటిది. సినిమాల్లో కనిపించే హాంకాంగ్ అంతా ఈ తర్వాతి కాలానిదే. ఎదురుగా ఉన్న కౌలూన్ కూడా 1841లో బ్రిటిష్ వాళ్లది కాదు. అది 1860లో చేతులు మారింది. ఉత్తరాన ఉన్న న్యూ టెరిటరీస్‌ని 1898లో 99 ఏళ్ల కౌలుకి తీసుకున్నారు. అంటే మీ నాయకుడు రేవు దాటి కౌలూన్‌లో అడుగు పెడితే శత్రుభూమిలో అడుగు పెట్టినట్టే. ఇది మీకు లాభం: కిలోమీటరున్నర నీళ్లు దాటితే చాలు, సరిహద్దు దాటినట్టు.

మరి ద్వీపంలో ఏముంది? 1841 మేలో అచ్చైన లెక్క ప్రకారం మొత్తం జనాభా 7,450. అందులో దాదాపు 2,000 మంది దక్షిణ తీరాన ఉన్న చెక్-చూలో, అంటే తర్వాత స్టాన్లీ అని పేరు పెట్టిన ఊళ్లో. మరో 2,000 మంది పడవల మీదే బతికే టాంకా జనం. ఉత్తర తీరంలో, ఇప్పుడు ఆకాశహర్మ్యాలున్న చోట, నిట్టనిలువు కొండ నేరుగా సముద్రంలోకి దిగుతుంది. తీరం వెంబడి సన్నటి పట్టీ మాత్రమే నడవడానికి పనికొచ్చేది. దాని మీదే క్వీన్స్ రోడ్ వేశారు. ఆ రోడ్డు అప్పట్లో దాదాపు నీటి ఒడ్డున ఉండేది. తర్వాత సముద్రాన్ని పూడ్చుకుంటూ పోవడంతో ఇప్పుడు ఊరి మధ్యలోకి వచ్చింది. జెండా పాతిన పొసెషన్ పాయింట్ కూడా ఇవాళ తీరానికి చాలా లోపల ఉంది. అందుకని నేటి మ్యాపు ముందు పెట్టుకుని పరుగులు, వెంటాడటాలు రాయకండి, మీ మనుషులు సముద్రంలో పరిగెడతారు.

ఇళ్లంటే వెదురు కర్రలకి చాపలు కట్టిన పాకలు. వాటి మధ్య వర్తకుల రాతి గిడ్డంగులు ఒకటీ రెండూ లేస్తున్నాయి. రాయి కొట్టేది హక్కా పనివాళ్లు, అక్కడి గ్రానైటుతోనే. ఊరికి ‘విక్టోరియా’ అనే పేరు 1843లో గానీ స్థిరపడలేదు. 1841 సంభాషణల్లో ఎవరి నోటా ఆ ఊరి పేరు రానివ్వకండి.

జనవరి 26 ఘట్టం కూడా మీరనుకున్నంత ఆర్భాటంగా లేదు. నౌకాదళం వాళ్లు, మెరైన్లు దిగారు, జెండా ఎగరేశారు, ఓడలు ఫిరంగులు పేల్చాయి, మహారాణికి జేజేలు పలికారు. సిపాయిని ఆ వరసలో నిలబెట్టకండి, రేవులో లంగరేసిన ఓడ మీంచి చూడనివ్వండి. దానికి మూడు వారాల ముందు, జనవరి 7న చువెన్‌పీ అనే చోట చైనా కోటల మీద జరిగిన దాడిలో మద్రాసు సిపాయిలు నిజంగానే పాల్గొన్నారు. కథ అక్కడ మొదలుపెట్టడం మేలు.

ఇక అసలు సంగతి. ఈ కాలం మీద సాహస కథ రాసేవాళ్లు తుపాకుల రకాలు, ఓడల పేర్లు బాగానే వెతుక్కుంటారు. కథని నిజంగా నడిపే మూడింటిని వదిలేస్తారు: ఉత్తరం చేరడానికి పట్టే కాలం, గాలి వీచే దిక్కు, వెండి బరువు. ఈ మూడూ చేతిలో ఉంటే మలుపులు వాటంతట అవే పుడతాయి.

ఉత్తరం. ఆఫ్రికా చుట్టూ తిరిగి వచ్చే తెరచాప ఓడకి లండన్ నుంచి నాలుగైదు నెలలు. సూయెజ్ దగ్గర నేల మీదుగా దాటించి, బొంబాయి మీదుగా పంపితే రెండున్నర మూడు నెలలు. పీ అండ్ ఓ అనే ఓడల కంపెనీ ఆవిరి ఓడల టపా హాంకాంగ్‌కి మొదలైంది 1845లో, తంతి వచ్చింది 1871లో. మీ పది రోజుల హెచ్చరిక అసాధ్యం. దాని బదులు నిజంగా జరిగింది చూడండి. జనవరిలో బ్రిటిష్ ప్రతినిధి కెప్టెన్ చార్లెస్ ఎలియట్ ద్వీపాన్ని తీసుకుంటాడు. ఆ కబురు వసంతంలో లండన్ చేరుతుంది. విదేశాంగ మంత్రి పామర్‌స్టన్ ఏప్రిల్ 21న కోపంతో ఉత్తరం రాస్తాడు, ఒక ఇల్లు కూడా సరిగా లేని బోడి ద్వీపం తెచ్చావని. ఏప్రిల్ 30న క్యాబినెట్ అతన్ని తప్పించాలని నిర్ణయిస్తుంది. ఇదేమీ తెలియని ఎలియట్ మే నెలలో కాంటన్ (ఇప్పటి గ్వాంగ్‌జౌ) మీదికి సైన్యం నడిపి, నగరాన్ని విడిచిపెట్టడానికి 60 లక్షల డాలర్లు బేరమాడతాడు. జూన్ 14న మకావ్‌లో హాంకాంగ్ స్థలాలు వేలం కూడా వేస్తాడు. వేలం పాట భూమి ధర మీద కాదు, ఏడాదికి కట్టే అద్దె మీద. ఆగస్టు 10న కొత్త ప్రతినిధి హెన్రీ పాటింజర్ మకావ్‌లో దిగుతాడు. లండన్ నుంచి అరవై ఏడు రోజుల్లో వచ్చాడని అందరూ ఆశ్చర్యపోయారు. అది ఆనాటి రికార్డు, మామూలు ప్రయాణం కాదు.

అంటే మే నుంచి జూలై చివరి దాకా ఉద్యోగం ఊడిపోయిన మనిషి తనకే తెలియకుండా యుద్ధం నడిపాడు, భూములు అమ్మాడు. మీ వర్తకుడికి ఈ సంగతి జూలై మధ్యలో, ఎలియట్ కంటే పది రోజుల ముందు, ఒక వేగపు ఓడ ద్వారా తెలిసిందనుకోండి. స్థలాలు కొన్నవాళ్లలో భయం పుట్టించి చవగ్గా కొట్టేయొచ్చు, లేదా తన స్థలాలు అమ్ముకుని బయటపడొచ్చు. బలంగా ఉండే కుట్ర అదీ. పెద్ద వ్యాపార సంస్థలు వేగపు ఓడల మీద అంత ఖర్చు పెట్టడానికి ధరల కబురు ముందుగా తెలుసుకోవడం ఒక ముఖ్య కారణం.

చైనా వైపు కూడా ఇదే కథ అద్దంలో చూసినట్టు నడుస్తుంది. ఎలియట్‌తో ఒప్పందం మాట్లాడిన అధికారి కీషాన్. ఎక్కువ ఇచ్చేశావని చక్రవర్తి మండిపడ్డాడు. మార్చిలో సంకెళ్లతో రాజధానికి తీసుకుపోయారు, ఆస్తి జప్తు చేశారు. ఒకే ఒప్పందానికి ఒకడికి తక్కువ తెచ్చినందుకు శిక్ష, ఇంకొకడికి ఎక్కువ ఇచ్చినందుకు శిక్ష. చైనీయుల్ని గుంపుగా, ముఖాల్లేకుండా రాసే అలవాటు ఈ తరహా నవలలకి పాత జబ్బు. కీషాన్ ఒక్కడి మీద రెండు అధ్యాయాలు పెట్టినా ఆ జబ్బు సగం తగ్గుతుంది.

గాలి. దక్షిణ చైనా సముద్రంలో సుమారు అక్టోబరు నుంచి మార్చి దాకా ఈశాన్యం, మే నుంచి సెప్టెంబరు దాకా నైరుతి. కలకత్తా, మద్రాసుల నుంచి వచ్చే మామూలు ఓడ నైరుతితో వస్తుంది, ఈశాన్యంతో తిరిగి పోతుంది. ఎదురుగాలికి ఏటవాలుగా కోసుకుంటూ పోగల సన్నటి ఓడలు నల్లమందు వ్యాపారం కోసమే పుట్టాయి. 1829లో కలకత్తాలో కట్టిన ‘రెడ్ రోవర్’ ఈశాన్యానికి ఎదురుగా చైనా వెళ్లి, మూడు నెలల లోపే తిరిగొచ్చి అందరి లెక్కలూ తారుమారు చేసింది. మీ నాయకుడు జనవరిలో చైనాలో ఉన్నాడంటే 1840 నైరుతి కాలంలో వచ్చి ఉండాలి. మార్చిలోపు బయల్దేరకపోతే ఇంటికి పోవడానికి మళ్లీ చలికాలం దాకా ఆగాలి. హాంకాంగ్ నుంచి మకావ్ సుమారు 60 కిలోమీటర్లు. గాలి అనుకూలిస్తే ఒక పూట, లేకపోతే ఒకటి రెండు రోజులు. కాంటన్ నది మీదుగా 130 కిలోమీటర్లు. అయితే లోతు ఉన్న ఓడలు ఊరికి కొంచెం దిగువన వాంపోవా దగ్గరే ఆగిపోవాలి, పైకి పడవల్లోనే.

ఫిబ్రవరిలో టైఫూన్ తీసేయండి. అప్పుడు పొడి చలి, మార్చి-ఏప్రిల్‌లో దట్టమైన పొగమంచు. టైఫూన్లకి ముఖ్యకాలం జూలై నుంచి అక్టోబరు. ఇక్కడా చరిత్ర మీకు సాయం చేస్తోంది. 1841 జూలై 21న ఒకటి, నాలుగైదు రోజులకే మరొకటి హాంకాంగ్‌ని ఊడ్చేశాయి. చాప పాకలు ఎగిరిపోయాయి, ఓడలు ఒడ్డెక్కాయి, పడవలు పిండైపోయాయి. మొదటి తుఫానులో ఎలియట్, నౌకాదళ నాయకుడు కమొడోర్ బ్రెమర్ ఇద్దరూ ‘లూయిసా’ అనే చిన్న ఓడలో మకావ్ నుంచి వస్తూ ఒక దీవి దగ్గర ఒడ్డుకి కొట్టుకుపోయారు. అప్పటికే వాళ్ల తలలకి కాంటన్ అధికారులు వెల కట్టి ఉన్నారు. స్థానికులకి డబ్బు ఆశ చూపి, పడవ అడుగున దాక్కుని మకావ్ చేరారు. నవలాకారుడు కల్పిస్తే అతిగా ఉందనేవాళ్లం.

టైఫూన్ రాసేటప్పుడు క్రమం ముఖ్యం. ముందు గాలి లేకుండానే పొడుగాటి అల వస్తుంది. ఉక్కపోత, సాయంత్రం ఆకాశం రాగి రంగు. బారోమీటరు గంట గంటకీ దిగుతుంది. తర్వాత విడివిడిగా జల్లులు, ఉత్తరం వైపు నుంచి గాలి. టాంకా పడవలు యూరోపియన్ల కంటే ముందే తీరపు సందుల్లోకి వెళ్లి దాక్కుంటాయి, చూసే కన్నుంటే అదే మొదటి హెచ్చరిక. ఓడవాళ్లు తెరచాప స్తంభాల పై కొయ్యలు దించుతారు, రెండో లంగరు, మూడో లంగరు వేస్తారు. ఓడ పోయేది సాధారణంగా గాలికి తలకిందులై కాదు. గాలి దిక్కు మారినప్పుడు లంగరు తాళ్లు మెలిపడి, తెగి, పక్క ఓడ మీదికో రాళ్ల మీదికో కొట్టుకుపోయి. తుఫాను కన్ను వచ్చి అంతా సద్దుమణిగిందని బయటికొచ్చినవాళ్లు రెండో సగంలో పోతారు.

ఇక్కడ ఒక తెలుగు ముడి వాడుకోవచ్చు. 1839 నవంబరు 25న గోదావరి పాయ ఒడ్డున ఉన్న కోరంగి రేవుని ఉప్పెన ముంచెత్తింది. ఓడలు కట్టే ఊరు, ఓడల మీద పనికిపోయే జనం ఉన్న ఊరు. నాయకుడిని కోరంగివాడిగా పెడితే బారోమీటరు చూడకుండానే సముద్రం వాసన పసిగట్టగలడు. నమ్మశక్యంగా ఉంటుంది.

వెండి. చెలామణిలో ఉన్నది స్పెయిన్ రాజు బొమ్మ ఉన్న డాలరు, ఒక్కోటి 27 గ్రాములు. రూపాయల్లో రెండుకి కొంచెం పైన. వెయ్యి డాలర్లు 27 కిలోలు, ఒక మనిషి తలకి సరిపడా మోత. మీ లక్ష డాలర్లు 2,700 కిలోలు. ముగ్గురు మనుషులు ఒక్క రాత్రిలో కొండదారిన మోయలేరు. పడవ కావాలి, కావడి బద్దలతో కూలీలు కావాలి, పడవ ఎంత దిగిందో చూసి ఒడ్డునున్న వాడెవడైనా అనుమానపడతాడు. దొంగతనాన్ని పదివేలకి తగ్గించండి. 270 కిలోలు, రెండు చిన్న సాంపాన్లకి, అంటే అక్కడి తెడ్ల పడవలకి, సరిపోతుంది.

ఇంకో చిక్కు, ఇంకో అవకాశం కూడా. చైనా వర్తకుల షరాబులు ప్రతి డాలరునీ మోగించి, గీకి, తూచి, మంచిదైతే తమ ముద్ర కొట్టేవాళ్లు. చేతులు మారిన కొద్దీ ముద్రలు పెరిగి రాజు మొహం కనిపించేది కాదు, కొన్ని ముక్కలైపోయేవి, ముక్కల్ని తూకానికి వాడేవాళ్లు. ముద్రల్లేని కొత్త డాలర్లకి ఎక్కువ గిరాకీ. అంటే దొంగ వెండి మీద షరాబు ముద్రే సాక్ష్యం అవుతుంది. కరిగించి దిమ్మలు చేస్తే ముద్రలు పోతాయి, కానీ కొలిమి కావాలి, పొగ కనిపిస్తుంది, కరిగించేవాడు నోరు విప్పవచ్చు. నేరపరిశోధన నడపడానికి ఇంతకంటే మంచి ఆధారం దొరకదు.

పెద్ద మొత్తమే కావాలంటే మే నెలాఖరు కాంటన్ విమోచన ధనం ఉంది. 60 లక్షల డాలర్లని బరువుగా లెక్కేస్తే 160 టన్నుల పైమాటే. అందులో పది లక్షలకు పైగా హాంగ్ వర్తకుల, అంటే విదేశీయులతో వ్యాపారానికి అనుమతి ఉన్న చైనా వర్తకుల, పెద్ద హౌక్వా ఒక్కడి వాటా. కొద్దిరోజుల్లో హడావిడిగా తూచి, పెట్టెలకెత్తి, పడవల్లో ఓడలకి చేర్చాల్సిన సొమ్ము. ఇంత హడావిడిలో పది పెట్టెల లెక్క తప్పిందంటే పాఠకుడు నమ్ముతాడు.

నల్లమందు గురించి మీరు రాసిన ఒక వాక్యం మార్చాలి: ‘కంపెనీ ఓడల్లో నల్లమందు దిగింది’. ఈస్టిండియా కంపెనీ బీహారు, బెనారస్ ప్రాంతాల్లో గసగసాలు పండించి, మందు తయారుచేయించి, కలకత్తాలో వేలం వేసేది. అక్కడితో చేతులు కడుక్కునేది. చైనాకి మోసింది ప్రైవేటు వర్తకులు, ఇంగ్లీషువాళ్లతో పాటు బొంబాయి పార్సీలు కూడా. చైనా వ్యాపారం మీద కంపెనీ గుత్తాధిపత్యం 1834లోనే పోయింది. బెంగాలు పెట్టె మామిడి చెక్కది. రెండు అరలు, ఒక్కో అరలో 20 గళ్లు, మొత్తం 40 ఉండలు. ఒక్కో ఉండ చిన్న ఫిరంగిగుండంత, చుట్టూ గసగసాల పూరేకుల పొర. బొంబాయి నుంచి వచ్చే మాల్వా మందు వేరు. దానిలో కల్తీ భయం ఎక్కువ, కొనేవాడు కాస్త తీసి నీళ్లలో కాచి చూసుకునేవాడు. పెట్టె ఏదైనా బరువు 60, 70 కిలోల మధ్య.

1839కి ముందు పద్ధతి ఇలా ఉండేది. లింటిన్ దీవి దగ్గర పాత ఓడల్ని తేలే గిడ్డంగుల్లా లంగరేసి ఉంచేవాళ్లు. కొనేవాడు కాంటన్‌లో వెండి చెల్లించి చీటీ తీసుకుంటాడు. ఆ చీటీ పట్టుకుని బోలెడు తెడ్లున్న వేగపు పడవ రాత్రిపూట లింటిన్‌కి వస్తుంది, సరుకు దించుకుని పోతుంది. పహరా అధికారికి వాటా ముందే ముడుతుంది. నల్లమందు ఆపడానికి చక్రవర్తి పంపిన కమిషనర్ లిన్ జెషూ 1839లో 20,283 పెట్టెలు స్వాధీనం చేసుకుని, జూన్ 3 నుంచి మూడు వారాలకి పైగా ఉప్పునీటి గోతుల్లో సున్నం కలిపి కరిగించి సముద్రంలోకి వదిలాడు. కాల్చలేదు. ‘నల్లమందు గుట్టలు తగలబడ్డాయి’ అని చాలామంది రాస్తారు, మీరు రాయకండి. లిన్ కూడా 1841 నాటికి కాంటన్‌లో అధికారంలో లేడు, 1840 శరత్తులోనే పదవి పోయింది. పెద్ద నల్లమందు వర్తకుడు విలియం జార్డైన్‌ని పాత్రగా పెట్టాలని ఉందన్నారు. అతను 1839 జనవరిలోనే చైనా విడిచి, లండన్ వెళ్లి యుద్ధం కోసం మంతనాలు చేశాడు. కల్పిత సంస్థ, కల్పిత వర్తకుడు మీకు ఎక్కువ స్వేచ్ఛ ఇస్తారు.

ఇప్పుడు మీ సిపాయి దగ్గరికి వద్దాం. మీ కథలో అన్నిటికంటే విలువైనది ఇతనే, ఎందుకంటే ఈ కాలం మీద వచ్చే సాహస కథలు ఇంగ్లీషు వర్తకుడి భుజం మీంచే చూస్తాయి. యుద్ధానికి వచ్చిన సైన్యంలో పెద్ద భాగం భారతీయులు. మద్రాసు నుంచి 37వ దేశీయ పటాలం, ఫిరంగి దళం, కందకాలు తవ్వే శాపర్లు వచ్చారు, 1842లో మరికొన్ని మద్రాసు పటాలాలు. తెలుగువాళ్లు, తమిళులు, దక్కన్ ముస్లింలు ఒకే పటాలంలో ఉండేవాళ్లు. కవాతు ఆజ్ఞలు ఇంగ్లీషులో, దొరలు సిపాయిలతో మాట్లాడేది హిందుస్తానీలో, పొయ్యి దగ్గర ఎవరి భాష వాళ్లది. నాయక్, హవల్దారు, జమేదారు, సుబేదారు, సుబేదారు మేజర్, భారతీయుడికి మెట్లు అంతవరకే. ముప్పై ఏళ్ల సర్వీసున్న సుబేదారు కూడా పద్దెనిమిదేళ్ల ఎన్సైన్ దొరకి సలాం కొట్టాలి. ఆ ఇద్దరి మధ్య ఒక సన్నివేశం తప్పక రాయండి. మూలజీతం నెలకి సుమారు 7 రూపాయలు, పైన విదేశీ భత్యం. అంటే మూడు డాలర్ల చిల్లర. పదివేల డాలర్ల పెట్టెల పక్కన రాత్రి కాపలా కాసే మనిషి మనసులో ఏం జరుగుతుందో ఈ అంకె చెబుతుంది.

సముద్రం దాటడం అతనికి కొత్త భయంగా రాయకండి. మద్రాసు సిపాయిలు 1762లోనే మనీలా వెళ్లారు, 1824లో బర్మా వెళ్లారు. అలాగని ఇష్టంగా ఎక్కేశారనీ కాదు. 1780లో విశాఖపట్నంలో ఓడ ఎక్కమంటే సిపాయిలు తిరగబడి దొరల్ని కాల్చారు. నాయకుడి తాత ఆ గుంపులో ఉన్నాడని పెట్టుకోవచ్చు. ఇంకొకటి, వెతికినా దొరకని యాదృచ్ఛికం: 37వ పటాలంలో కొంతమందిని చైనాకి తెస్తున్న ఓడ 1840 శరత్తులో టైఫూన్‌కి మనుషులతో సహా గల్లంతైంది. ఆ ఓడ పేరు ‘గోల్కొండ’. మీ నాయకుడి అన్నో బావో అందులో పోయి ఉంటే, జూలై తుఫాను ఘట్టానికి లోపల్నుంచి బరువొస్తుంది.

నవల మధ్యలో పెద్ద యుద్ధం కావాలంటే మే 30 సాన్‌యువాన్‌లీ. కాంటన్ ఉత్తరాన పల్లెల జనం వేలమంది ఈటెలు, కత్తులు, కొక్కేల కర్రలతో పోగయ్యారు. వాళ్లని చెదరగొట్టబోయిన బ్రిటిష్ దళం భయంకరమైన ఉరుములవానలో వెనక్కి తిరిగింది. ఆ గందరగోళంలో 37వ పటాలంలో ఒక కంపెనీ, సుమారు అరవైమంది, వరిపొలాల్లో విడిపోయింది. వాళ్ల చేతుల్లో చెకుముకిరాయి తుపాకులు. ఆ తుపాకీ పేలాలంటే బయటి పళ్లెంలో చిటికెడు పొడి మందు ఉండాలి, రాయి ఉక్కుకి కొట్టుకుని రాలిన నిప్పురవ్వ దాన్ని అంటుకోవాలి. వానకి పళ్లెంలో మందు ముద్దైపోతుంది, కాగితపు తూటా చేతిలోనే నాని చిరుగుతుంది. తుపాకీ అప్పుడు బాయ్‌నెట్ గుచ్చిన కర్ర. ఎదుటివాడి ఈటె అంతకంటే పొడుగు. సిపాయిలు నలుచదరంగా నిలబడి గంటల తరబడి కాచుకున్నారు. ఒకరు చనిపోయారు, పదిహేనుమంది దాకా గాయపడ్డారు. చీకటి పడ్డాక వెతుక్కుంటూ వచ్చిన రెండు కంపెనీల మెరైన్ల దగ్గర కొత్తరకం క్యాప్ తుపాకులున్నాయి. మూసి ఉన్న రాగి టోపీ తడవదు కాబట్టి అవి వానలోనూ పేలాయి. దళం బయటపడింది. చైనాలో ఈ రోజుని ప్రజల తొలి ప్రతిఘటనగా చదువుకుంటారు, బ్రిటిష్ రాతల్లో అది చిన్న కొట్లాట. మీ నాయకుడు ఎవరి పొలంలో, ఎవరి తరఫున, ఎందుకు నిలబడ్డాడో ఆ రాత్రే అడుక్కోవాలి. అడిగించేటప్పుడు ఇరవయ్యో శతాబ్దపు జాతీయవాదిలా మాట్లాడించకండి. ఉప్పు, జీతం, తోటివాడి ప్రాణం, ఈ మాటల్లోనే ఆలోచించనివ్వండి.

సముద్రపు దొంగల గురించి రెండే మాటలు. 1841లో పెద్ద దొంగల నౌకాదళాలు లేవు. పేరుమోసిన దొంగల నాయకుడు చెంగ్ పో సాయ్ 1822లోనే చనిపోయాడు. వాళ్ల పాత నాయకురాలు చెంగ్ ఈ సావ్ మాత్రం అప్పటికి బతికే ఉంది. 1810లో లొంగిపోయి, జూదశాల నడుపుకుని 1844లో పోయింది. అరవై దాటిన ఆ ముసలమ్మతో ఒక్క సన్నివేశం, పది యుద్ధాల పెట్టు. దొంగల ఆయుధాల్లో మట్టికుండ ముఖ్యం. గంధకం, తుపాకిమందు కూరి వత్తి అంటించి, తెరచాప స్తంభం పైనుంచి ఎదుటి ఓడ మీదికి విసిరేవాళ్లు. పొగకి ఊపిరాడక మనుషులు నీళ్లలో దూకేస్తారు. బ్రిటిష్ నౌకాదళం వైపు ఇంకో నిజం ఉంది. 1825 చట్టం ప్రకారం చంపినా పట్టుకున్నా ఒక్కో దొంగకి 20 పౌన్ల బహుమతి, 1850లో రద్దయ్యేదాకా. జాలరి పడవని దొంగ పడవగా చూపించడానికి అది చాలినంత ఆశ.

నెమెసిస్ అనే ఇనుప ఆవిరి ఓడని వాడుకోండి, కానీ దాని బలం ఫిరంగుల్లో లేదు. ఉన్నవి 32 పౌన్ల గుండు వేసే పెద్ద ఫిరంగులు రెండే. బలమంతా అడుగులో ఉంది. 184 అడుగుల ఓడ ఆరడుగుల నీళ్లలో పోగలదు. గాలి లేకున్నా, ఏటికి ఎదురైనా పోగలదు. తెరచాప ఓడలు రాలేవని ధైర్యంగా ఉన్న వాగుల్లోకి అది వచ్చేసరికి కోటల లెక్క తప్పింది. దాని బలహీనత బొగ్గు. బొగ్గు పడవని మీ దొంగలు తగలబెడితే ఆ ఓడ ఆగిపోతుంది.

చివర పోరాటం శిఖరం మీద కుదరదు కాబట్టి చోటు మార్చాలి. సగం కట్టి పైకప్పు లేని రాతి గిడ్డంగి, జూలై 21 రాత్రి, చుట్టూ ఎగిరిపోతున్న చాప పాకలు. వెండి అందులోనే ఉంది, నీళ్లు లోపలికొస్తున్నాయి. కథ 1843 దాకా సాగితే ఆ వేసవి జ్వరం కూడా మీ చేతిలో ఉంటుంది. దండులో దాదాపు నాలుగో వంతు పోయారు. అప్పటి వైద్యులు తవ్విన మట్టి నుంచి లేచే చెడుగాలే కారణమన్నారు. దోమ సంగతి 1897లో సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ తేల్చేదాకా ఎవరికీ తెలియదు, మీ వైద్యుడి పాత్రకీ తెలియకూడదు. వర్తకులు ఇష్టపడి ఇళ్లు కట్టుకోబోయిన పచ్చటి లోయ, వాంగ్ నై చుంగ్, ఆ జ్వరాలకి వదిలేసిన చోటు. అక్కడే 1846లో గుర్రపు పందేలు మొదలయ్యాయి.

బంగళాలు, పోలీసులు, రొట్టెల దుకాణాలు, పత్రికలు ఉన్న ఊరే మీకు కావాలంటే 1841ని పట్టుకు వేలాడకండి, 1856-57కి జరపండి. 1856 అక్టోబరు 8న కాంటన్ దగ్గర ‘ఆరో’ అనే ఓడని చైనా అధికారులు పట్టుకున్నారు. బ్రిటిష్ జెండాకి అవమానమని యుద్ధం మొదలైంది. ఆ ఓడ హాంకాంగ్ రిజిస్ట్రేషన్ అప్పటికి పదకొండు రోజుల క్రితమే ముగిసింది. 1857 జనవరి 15న ఈసింగ్ బేకరీ రొట్టెల్లో పాషాణం కలిసింది. వందలమంది యూరోపియన్లు వాంతులు చేసుకున్నారు. మోతాదు మరీ ఎక్కువ కావడంతో కడుపులో నిలవక చాలామంది బతికారు. యజమాని చెయోంగ్ ఆ-లమ్ కుటుంబం కూడా అదే రొట్టె తిని పడిపోయింది. జ్యూరీ అతన్ని నిర్దోషి అంది, ప్రభుత్వం అయినా ద్వీపం నుంచి పంపేసింది. అప్పటికి చైనీయులు రాత్రిళ్లు లాంతరు, పాసు లేకుండా వీధిలో తిరగకూడదన్న నిబంధన అమల్లో ఉంది. 1897 దాకా ఏదో రూపంలో నడిచింది. రాత్రి వెంటాడే సన్నివేశంలో లాంతరు ఆర్పినవాడు ఆ క్షణంలోనే నేరస్తుడు. మీ సిపాయి ఆ పాటికి నలభై దాటి, లస్కర్ రో దగ్గర చిన్న కొట్టు పెట్టుకుని ఉండొచ్చు. ఆ వీధి పేరు ఇప్పటికీ ఉంది.